సున్నం కింద తామర

గీకుడు ఉద్యోగం

నా ఉద్యోగం ఏంటో ఒక్క ముక్కలో చెప్పమంటే, సున్నం గీకడం. కాగితాల మీద దానికి పెద్ద పేరే ఉండేది. పురావస్తు శాఖ, రసాయన విభాగం, శిలా సంరక్షణ, అలా ఏదో సాగేది. మా అమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ చుట్టాలకి "మా ప్రసన్న గుళ్ళకి సున్నం గీకుద్ది" అనే చెప్పింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివించింది ఇందుకా అని మా నాన్నగారు మొహం మాడ్చుకునేవారు. ఆయన రాజమండ్రిలో మిషన్ స్కూలు లెక్కల మేష్టారు. ఆదివారం మా లూథరన్ చర్చి, మిగిలిన రోజులు శివాలయాలు, బౌద్ధ స్తూపాల దిబ్బలు. నా వారం ఎప్పుడూ అలాగే గడిచింది.

ఈమధ్య ఇదే పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి "మేడం, మాకేమైనా చెప్పండి" అన్నారు. కాఫీ ఇచ్చి, నోటికొచ్చినవేవో చెప్పి పంపేశాను. వాళ్ళు గేటు దాటాక అసలు చెప్పాల్సినవి గుర్తొచ్చాయి. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ టీఏ బిల్లుల గురించీ ఇందులో ఉండదు. అవెలాగూ మీరే పడతారు.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. మా డెల్టాలో రాయి పుట్టదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టే. ఇక్కడ గుడికి కావాల్సిన ప్రతి రాయీ ఎక్కడో కొండలోంచి బయల్దేరి, పడవెక్కి రావాల్సిందే. అంత కష్టపడి తెచ్చుకున్న రాయిని ఎవరూ ఊరికే పారెయ్యరు. ఒక కట్టడం కూలిపోతే దాని రాయి ఇంకో కట్టడంలోకి చేరుతుంది. అందుకే మా వైపు గుళ్ళలో ఏ రాయి ఏ కాలానిదో చెప్పడం అంత తేలిక కాదు.

రెండోది, సున్నం. పండగొస్తే గుడికి సున్నం వెయ్యడం భక్తి. శిల్పం మీద కూడా వేస్తారు, అందులో తప్పేముందని. వందల ఏళ్ళు అలా వేస్తే హంసలు బాతులవుతాయి, సింహాలు పిల్లులవుతాయి, దేవకన్యలకి ముక్కూ మూతీ ఉండవు. ఆ ముద్దల్లోంచి మళ్ళీ హంసని హంసగా బయటికి తియ్యడమే మన పని.

రంగారావు గారు

నా మొదటి ఆఫీసరు రంగారావు గారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నేను చేరిన కొత్తలో నన్ను ఒక స్తంభం ముందు కూర్చోబెట్టి "ఏం కనపడుతోందమ్మా?" అన్నారు. నేను వెంటనే శతాబ్దం, రాజవంశం చెప్పడం మొదలెట్టాను. "నేనడిగింది కనపడేదేంటని. నువ్వనుకునేది ఇంటికెళ్ళి అనుకో" అన్నారు. ఆ రోజంతా మాట్లాడనివ్వలేదు. సాయంత్రానికి ఆ స్తంభం మీద ఉలి ఎడమచేతి వాటం మనిషిదని కనిపెట్టాను. ఆయన పొగడలేదు కానీ బస్టాండులో జీళ్ళు కొనిపెట్టారు.

ఆయన నేర్పిన వాటిల్లో నాకు బాగా పనికొచ్చింది సాక్షి పట్టీ. ఎంత గొప్ప శిల్పాన్ని శుభ్రం చేసినా సరే, ఒక మూల అరచేతి మేర ముట్టుకోకుండా వదిలెయ్యాలి. పాత సున్నం, పాత మసి, పాత జిడ్డు అలాగే ఉండాలి. "మనం చేసింది తప్పో ఒప్పో రేపొచ్చేవాడికి తెలియొద్దా? ఉన్న ఒక్క సాక్షినీ మనమే చంపేస్తే ఎలా?" అనేవారు. పెద్ద ఆఫీసర్లు వచ్చి "ఆ మూల వదిలేశారేంటి, బద్ధకమా?" అని గద్దించేవారు. ఆయన లెక్కచేసేవారు కాదు. ఆ అలవాటు నాకూ వచ్చేసింది. ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడు కూడా వదిలేస్తానేమోనని మా ఆయన భయపడేవారు.

ఇంకొకటి ఆయన ఆఫీసరుగా ఉండగానే జరిగింది. ఒక గుడిలో, ఊరు చెప్పను, ఎవరో పెద్దాయన చూడ్డానికి వస్తున్నారని కాంట్రాక్టరు మా కోసం ఆగకుండా యాసిడ్ పోసి కడిగించేశాడు. సున్నం బుసబుస పొంగి ఊడిపోయింది. మామూలు ఇసకరాయి స్తంభాలకి పెద్దగా ఏం కాలేదు. కానీ వాటి మధ్య ఒక్క స్తంభం సున్నపురాయి. సున్నం, సున్నపురాయి ఒక తల్లి పిల్లలు. పైనున్నది పూత, కిందున్నది శిల్పం అని యాసిడ్‌కి తెలియదు, రెంటినీ తినేస్తుంది. మేం వెళ్ళేసరికి ఆ స్తంభం మీద నాట్యం చేసే ఆడమనిషి ముఖం వాడేసిన సబ్బులా నున్నగా ఉంది. రంగారావు గారు దాని ముందు కూలబడి మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. నాకు ఏడుపొచ్చింది. అప్పట్నుంచి నేను ఎక్కడికెళ్ళినా ముందు కనపడని మూల ఒక్క చుక్క యాసిడ్ వేసి, పొంగుతుందో లేదో చూడకుండా పని మొదలెట్టలేదు. మీరూ మొదలెట్టకండి.

ఈ పువ్వు ఎవరిది?

ఉద్యోగంలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. తామర కనపడగానే "ఇది బౌద్ధులదా, మనదా?" అంటారు. "మనది" అనేటప్పుడు నన్నూ కలుపుకుంటారు. అది నాకు బాగానే ఉండేది.

నాకు తెలిసింది చెబుతాను. గుంటుపల్లి గుహకి ముందు గుర్రపులాడం ఆకారంలో ఒక ముఖద్వారం ఉంది. కర్ర ఇళ్ళ చూరుని రాతిలో చెక్కారు, బౌద్ధ భిక్షువుల కోసం. అదే లాడం, వందల ఏళ్ళ తరవాత, బిక్కవోలు గుళ్ళ చూరు మీద చిన్న చిన్న గూళ్ళయి వరసగా కూర్చుంది. ఒక్కో గూట్లోంచి ఒక్కో ముఖం తొంగిచూస్తుంది, వీధిలో ఎవరెళ్తున్నారా అన్నట్టు. మొసలి నోట్లోంచి తీగ పుట్టి ద్వారం మీదుగా అవతలి మొసలి నోట్లోకి పోయే తోరణం స్తూపాల దగ్గరా ఉంది, శివాలయాల దగ్గరా ఉంది. సముద్రం దాటి జావా వెళితే అక్కడ బుద్ధుడి కట్టడానికీ, శివుడి గుడికీ అదే మొసలి. నేను వెళ్ళలేదు, ఫొటోలే చూశాను. మన రేవుల్లోంచి పడవలు వెళ్ళిన దేశమే కదా అని చాలాసేపు చూశాను.

చెక్కేవాడికి చెయ్యి ఒకటే. ఒక ఊళ్ళో విహారం కట్టినవాడి మనవడు ఇంకో ఊళ్ళో గుడి కట్టాడు. తాత నేర్పిన తామర మనవడు మర్చిపోడు. ఇలా అన్నానని అంతా స్నేహంగానే జరిగిందని అనుకోకండి. కొన్నిచోట్ల కొట్లాడుకున్నారు, కొన్నిచోట్ల కూల్చుకున్నారు, కొన్నిచోట్ల జనం వదిలేసిపోయిన దిబ్బ మీంచి రాళ్ళు మోసుకొచ్చారు. ఏ రాయి ఎలా వచ్చిందో చాలాసార్లు రాయి చెప్పదు. చెప్పనప్పుడు మనం కూడా చెప్పకూడదు. మన వృత్తిలో నేను చూసిన పెద్ద జబ్బు, రాయి నోట్లో మాటలు పెట్టడం.

మా చర్చిలో పాదిరి గారు నిలబడి ప్రసంగించే చెక్క వేదిక ఉంది. దాని ముందువైపు ఎప్పటివాడో వడ్రంగి ఒక సగం తామర చెక్కి, అందులోంచి ద్రాక్షతీగ పాకించాడు. చిన్నప్పుడు ఆ రేకుల్ని చూస్తూనే నేను పొడుగాటి ప్రసంగాలు దాటించాను. మా వడ్రంగికి తామర ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఎవరినీ అడగాలని కూడా తోచలేదు, అంత మామూలుగా ఉండేది.

ద్వారబంధం

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి కొంచెం ముందు వచ్చిన పని ఇది. ద్రాక్షారామం దాటి గౌతమి పాయ వైపు వెళితే ఒక ఊరు. ఊరి చివర చిన్న శివాలయం. అడుగున రాయి, పైన ఇటికల విమానం. గుడి కమిటీ పెద్ద వీర్రాజు గారు. కడియంలో నర్సరీలున్నాయి, చెయ్యి పెద్దది, మాట తొందర. గర్భగుడి ద్వారబంధం పాతదైపోయిందని, తీసేసి నల్ల గ్రానైటుది తన ఖర్చుతో పెట్టిస్తానని ఆయన మొక్కుకున్నారు. తీసేముందు సున్నం కింద శిల్పమేమైనా ఉందేమో చూసి చెప్పమని మా శాఖకి రాశారు. తీసేశాక అడిగేవాళ్ళే ఎక్కువ. ముందే అడిగారని నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

మొదటిరోజు అర్చకులు శివరామశర్మ గారు నన్ను పైనుంచి కిందికి చూసి మెల్లిగా అడిగారు.

"మీరు చర్చివాళ్ళటగా అమ్మా?"

"అవునండి. గడప దాటనండి, బయటి వైపే పని."

"దాటొద్దని ఎవరన్నారు? ఊరికే అడిగాను. సాయంత్రం దీపం వేళకి లేస్తే చాలు."

నా పక్కన మండపంలో ఒకావిడ కూర్చుని ఉంది. ఎండకి నల్లబడిన మొహం, నెరిసిన జుట్టు ముడి. నేను బుట్టలోంచి వెదురుపుల్లలు, మెత్తటి బ్రష్షులు తీస్తుంటే ఒక్కోదాన్నీ చూస్తోంది. పేరు సత్తెమ్మ గారు. గోదావరి మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి సున్నం తీస్తారు. శివరాత్రి ముందు రోజు పొద్దున్నే ఆ ఇంటి పెద్దకోడలు కొత్త గుల్లసున్నం తెచ్చి, అందులో అరచెయ్యి ముంచి ఈ ద్వారబంధానికి మొదటి చెయ్యి అద్దాలి, తరవాత పూతంతా వాళ్ళే వెయ్యాలి. ఆ చెయ్యి పడ్డాకే అర్చకులు తలుపు తీస్తారు. ఆవిడ అత్తగారి కాలంలో వాళ్ళని మండపం మెట్టు ఎక్కనిచ్చేవారు కాదట. ఆ ఒక్క పొద్దు మాత్రం ఊరంతా కింద నిలబడితే వాళ్ళింటి ఆడమనిషి గడప దాకా వచ్చేది.

యాసిడ్ చుక్క వెయ్యాలంటే ముందు రాయి కనపడాలి కదా, ఒక మూల వెదురుపుల్లతో మొదటి పొర తీసి కింద పడేశాను. సత్తెమ్మ గారు వంగి ఆ పెంకు చేతిలోకి తీసుకుంది.

"ఇది నేనేసిందండి" అంది. ఇంకో పొర ఊడింది. "ఇది మా అత్తదై ఉంటాది."

"శిల్పం ఉంటే బయటికి తియ్యాలి కదండి" అన్నాను.

"తియ్యండి. తీసినాక మళ్ళీ ఎయ్యనిత్తారా?"

మా శాఖ పద్ధతి నాకు తెలుసు. శిల్పం బయటపడిన రాయి మీద మళ్ళీ సున్నం పడకూడదు.

"ఈర్రాజు గారేమో గ్రానైటంటారు. గ్రానైటుకి సున్నం ఏం పడుద్దండీ? జారిపోద్ది. మీరేమో బొమ్మలంటారు. బొమ్మలుంటే సున్నం వద్దంటారు. ఎటొచ్చినా ఈ గడప నాకు లేనట్టే కదండీ."

అరుపూ లేదు, ఏడుపూ లేదు. చేతిలో పెంకు పట్టుకుని అడిగింది, అంతే. ఆ రోజు నాకు పని సాగలేదు. నేను గీకుతున్నది సున్నం కాదు, వాళ్ళకి గుళ్ళో ఉన్న ఒకే ఒక్క చోటు అని తెలిశాక చేతులు ఎలా ఆడతాయి?

తీసేద్దామన్నవాళ్ళు ఇద్దరు

మర్నాడు యాసిడ్ చుక్క వేసి చూశాను. ద్వారబంధానికి కుడివైపు నిలువురాయి పొంగలేదు. ఎడమది బుసబుసమంది. సున్నపురాయి! ఇక వెదురుపుల్ల తప్ప ఇంకేం వాడకూడదు. వారాలు పట్టింది. సత్తెమ్మ గారు వేట లేని రోజుల్లో వచ్చి కూర్చునేది. ఒకరోజు తాటాకు బుట్టలో ముంజలు తెచ్చి నా పక్కన పెట్టింది.

ఎడమ రాయి మీద తామర బయటపడింది. సగం తామర, రేకులు రెండు వరసలు, కొనలు కొత్తగా చెక్కినంత పదునుగా ఉన్నాయి. రాయి పక్కవైపు కంటి ఆకారంలో తొలిచిన గుంటలున్నాయి. స్తూపం చుట్టూ ఉండే రాతి కంచెకి అడ్డరాళ్ళు దూర్చే గుంటలు అవి. సందేహం లేదు, అది బౌద్ధ స్తూపం కంచెలో రాయి. ఇక్కడికి ఎలా వచ్చిందో తెలియదు.

కుడి రాయి సంగతి ఇంకా బాగుంది. అది గుడి కట్టినప్పుడు చెక్కిన రాయే. దాని మీద కూడా సగం తామర, అదే చోట, అదే ఎత్తున. ఆ శిల్పి ఎడమవైపు పాత రాయి నిలబెట్టి, దాన్ని చూస్తూ కుడివైపు జోడీ చెక్కాడు. రేకులు ఎక్కడ మడవాలో అతనికి సరిగ్గా కుదరలేదు, రెండుచోట్ల సర్దుకున్నాడు. తరవాత చూసి చెక్కడం చాలనుకున్నాడేమో, తామర కింద తన సొంతంగా హంసల వరస పెట్టాడు. ఒక హంస మెడ తిప్పి పక్కదాని రెక్కలో ముక్కు దూర్చింది. రెండు తామరలూ ఒక్క గడపకి అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. వాటి మధ్య వందల ఏళ్ళున్నాయి. అన్నేళ్ళు పని చేశాక కూడా నాకు అలాంటిది కనపడలేదు. ఆనందం పట్టలేక శర్మ గారిని కేకేసి చూపించాను. ఆయన రెండు తామరల్నీ వేలితో తడిమి "రోజూ వీటి మధ్యలోంచే వెళ్తున్నాను" అన్నారు.

ఆ ఆనందం రెండు రోజులే. వీర్రాజు గారొచ్చారు. "బౌద్ధులదా? అయితే మన గర్భగుడికెందుకండీ, తీసేద్దాం" అన్నారు. మా అప్పటి ఆఫీసరు గారొచ్చారు. ఆయనకి తామర కనపడితే చాలు, పేపరువాళ్ళకి ఫోన్ చేసే మనిషి. "అద్భుతం! ఇది ఇక్కడ ఉండాల్సింది కాదు. తీసేసి మ్యూజియంలో పెడదాం" అన్నారు. ఒకాయనకి అది పనికిరాదు, ఒకాయనకి అది ప్రాణం. ఇద్దరూ తీసేద్దామనే అన్నారు.

సత్తెమ్మ గారు నా వైపు చూసింది. నాకు భయం వేసింది, నిజంగా. శిల్పం బయటపడితే ద్వారబంధం నిలుస్తుందనుకున్నాను, ఇప్పుడు అదే దాని ప్రాణం మీదకి తెచ్చింది.

అంటు

మండపంలో కమిటీ కూర్చుంది. ఆఫీసరు గారు కుర్చీలో, వీర్రాజు గారు అరుగు మీద, శర్మ గారు స్తంభానికి ఆనుకుని, సత్తెమ్మ గారు మెట్టు దగ్గర. నాకు ఉపన్యాసాలు రావు. వాళ్ళని ద్వారం దగ్గరికి తీసుకెళ్ళి ఎడమ తామర మీద, తరవాత కుడి తామర మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. కుడి శిల్పి ఎక్కడ తడబడ్డాడో చూపించాను. "ఎడమది తీసేస్తే కుడిదానికి అర్థం ఉండదండి. దేన్ని చూసి చెక్కాడో తెలియదు. ఎడమదాన్ని మ్యూజియంలో పెడితే అలాంటివి అక్కడ ఇంకా ఉంటాయి, వాటిల్లో ఒకటవుతుంది. దీన్ని చూసి ఇంకొకడు చెక్కిన చోటు ఇదొక్కటే" అన్నాను.

ఆఫీసరు గారు ఏదో అనబోయారు. వీర్రాజు గారు చెయ్యి అడ్డం పెట్టి కుడి రాయి మీద హంసల్ని తడిమారు.

"అంటు కట్టాడన్నమాట" అన్నారు.

"ఏంటండీ?"

"పాత మొదలు మీద కొత్త కొమ్మ అండి. మా నర్సరీలో రోజూ చేసేదే. ఏరు ఒక చెట్టుది, కాయ ఇంకో చెట్టుది. అంటు పట్టినాక ఏరు నాది కాదని పీకేత్తే కాయెక్కణ్ణించి వత్తాదండీ?" ఆయన నవ్వి శర్మ గారి వైపు తిరిగారు. "నా మొక్కు గ్రానైటు నేలకి మార్చుకుంటే సామికి కోపం రాదు కదండీ?"

"రాదండి. నేల ఎటూ బీటలిచ్చింది" అన్నారు శర్మ గారు.

అమ్మయ్య అనుకున్నాను. ఆఫీసరు గారు మెత్తబడి "సరే, ఇక్కడే ఉంచుదాం. కానీ ఇవాళ్టి నుంచి దీని మీద సున్నం చుక్క పడకూడదు. రాసివ్వండి" అన్నారు. అందులో ఆయన తప్పేం లేదు. సరైన మాటే. మెట్టు దగ్గర సత్తెమ్మ గారు కొంగు సర్దుకుని లేచింది.

అప్పుడు శర్మ గారు స్తంభం దగ్గర్నుంచి కదలకుండానే అన్నారు. "ఆవిడ చెయ్యి పడకుండా నేను శివరాత్రి తలుపు తియ్యనండి. మా నాన్నగారు తియ్యలేదు, నేనూ తియ్యను. అది కూడా రాసుకోండి."

అందరూ నా వైపు చూశారు. రంగారావు గారు అప్పటికి చనిపోయి చాలా ఏళ్ళయింది. కానీ ఆ క్షణంలో ఆయన గొంతే వినపడింది. ఎడమ రాయి అడుగున, శిల్పం లేని చోట, గడపకి ఆనుకుని, మొదటిరోజే వదిలిపెట్టిన చోటు చూపించాను.

"ఇది సాక్షి పట్టీ అండి. దీన్ని నేను గీకలేదు, ఎవరూ గీకకూడదు. సత్తెమ్మ గారి ఇంటివాళ్ళు వేసిన సున్నం అన్ని పొరలూ ఇందులో ఉన్నాయి. ఆ తామర రేకులు ఇంత పదునుగా మిగిలాయంటే వాళ్ళ సున్నం కప్పి ఉంచబట్టే. ఉప్పుగాలీ, నూనె జిడ్డూ రాతికి తగలలేదు. నా రిపోర్టులో అదే రాస్తున్నాను. మొదటి చెయ్యి ఏటా ఈ పట్టీ మీద పడితే శిల్పానికి ఏమీ కాదు. ఇక మిగతా సున్నం సంగతి. పైన విమానం ఇటికలు నోళ్ళు తెరుచుకున్నాయి, ఎవరో సిమెంటు మెత్తి పాడుచేశారు. దానికి గుల్లసున్నమే కావాలి. ఎక్కడో కొనుక్కురావడం దేనికండీ?"

ఆఫీసరు గారు వంగి ఆ పట్టీ చూశారు. లేచి మళ్ళీ తామర చూశారు. ఆయన మీద ఎన్ని చెప్పినా, మొండిమనిషి మాత్రం కాదు. "పూతల చరిత్ర అని రాయండి, బాగుంటుంది" అన్నారు. పేపరుకి చెప్పుకోడానికి ఆయనకీ ఒక ముక్క దొరికింది. దొరకనీ, నాకేం?

సత్తెమ్మ గారు మెట్టు మీదే నిలబడి ఉంది. "అయితే వత్తానండి శివరాత్రికి" అంది శర్మ గారితో, మామూలుగా, రావద్దని ఎవరూ ఎప్పుడూ అననట్టే. "ఆయ్, రండి" అన్నారాయన. నేను బుట్ట సర్దుకుని ఏటిగట్టు మీదకెళ్ళి కూర్చున్నాను. ఇన్నాళ్ళ ఉద్యోగంలో అంత తేలిగ్గా ఊపిరి తీసుకున్నది అప్పుడే.

అమ్మాయిలూ, మీకు

మీకు చెప్పాల్సింది ఇందులోనే ఉంది, విడిగా తీసి పెట్టలేను. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. శిల్పం మీద ఉన్న మురికిని మురికి అనే ముందు అది ఎవరి చెయ్యో కనుక్కోండి. కనుక్కున్నాక కూడా తియ్యాల్సొస్తే తియ్యండి, నేను తీశాను. కానీ అడిగి తియ్యండి, అరచేతి మేర వదలండి. పేరు పెట్టడానికి తొందరపడకండి. బౌద్ధం, శైవం అని మనం రాసే అట్టముక్కలు మ్యూజియం కోసం. ఆ కుడి రాయి చెక్కినవాడు అట్టముక్క చూసి చెక్కలేదు.

నేను రిటైరైన తరవాత కూడా శివరాత్రి ముందు రోజు ఆ ఊరు వెళ్తున్నాను. గడప దగ్గర మొదటి చెయ్యి ఇప్పుడు సత్తెమ్మ గారి కోడలిది. విమానం మీద గుల్లసున్నం పాలలా మెరుస్తోంది. నేల మీద వీర్రాజు గారి గ్రానైటు కాలు జారేలా ఉంది, ఏం చేస్తాం?

పోయిన క్రిస్మస్‌కి ముందు మా చర్చి గోడలకి రంగు వెయ్యాలన్నారు. పాదిరి గారు డిస్టెంపర్ అన్నారు. పాత గోడలు ఊపిరాడక పెచ్చులూడతాయి, గుల్లసున్నమే వేద్దామని నేను పట్టుబట్టాను. సత్తెమ్మ గారికి ఫోన్ చేస్తే కోడల్ని వెంటబెట్టుకుని, గోనెసంచులతో ఆటోలో దిగింది. చర్చి లోపలికి రావడం ఆవిడకి అదే మొదటిసారి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, చుట్టూ చూస్తూ వచ్చి చెక్క వేదిక ముందు ఆగిపోయింది. సగం తామర మీద వేలు పెట్టింది.

"ఇదిక్కడిక్కూడా వచ్చిందేంటండీ?"

"వచ్చిందండి. మనకంటే ముందే."

ఆవిడ తల ఊపింది. వింతేమీ లేదన్నట్టు కొంగు దోపుకుని బక్కెట్లో సున్నం కలిపింది. "మొదటి చెయ్యి ఎక్కడెయ్యమంటారండి?" అంది. గుమ్మం పక్కన, నడుం ఎత్తున, ఒక చోటు చూపించాను. ఆవిడ చెయ్యి ముంచి గోడకి అద్దింది. తరవాత బక్కెట్టు నా వైపు జరిపింది.

"మీరూ ఎయ్యండమ్మగారు."

ఉద్యోగమంతా గీకిన చేతులు నావి. వెయ్యడం ఎప్పుడూ తెలియదు. అరచెయ్యి ముంచితే చురుక్కుమంది. ఆవిడ చెయ్యి పక్కనే అద్దాను. తెల్లగా, తడిగా, రెండు చేతులు గోడ మీద పక్కపక్కన నిలిచాయి. సత్తెమ్మ గారు వాటి వైపు, నా వైపు అనుమానంగా చూసింది.

"మళ్ళీ గీకేత్తారేంటండీ?"

"గీకనులెండి" అన్నాను.